క్రిమి వంశావళి చదివిన శాస్త్రజ్ఞుడు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



"మన వాళ్ళలో ఒక శాస్త్రజ్ఞుడి గురించి మాట్లాడండి" అని కార్యదర్శి గారు మమ్మల్ని అడిగారు. అబ్దుల్ కలాం గారి గురించే మాట్లాడతామని వారు అనుకున్నట్టున్నారు. కలాం గారు మహానుభావులు, అందులో సందేహం లేదు. కాని రామేశ్వరంలో ఆయన దినపత్రికలు పంచిన సంగతి మొదలు రాకెట్ల దాకా మన బళ్ళలో ప్రతి పిల్లవాడూ అప్పజెప్పగలడు. ఈ రోజు మేము చెప్పబోయే పేరు ఈ షాదీఖానాలో నలుగురైదుగురికి మించి తెలిసి ఉండదు. ఆచార్య నియాజ్ అహ్మద్ గారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం. ఆయన ఆకాశంలోకి ఏమీ పంపలేదు. కంటికి కనపడని క్రిములు ఎక్కణ్ణించి వచ్చాయి, ఏ దారిన వచ్చాయి, దారిలో ఏమేం నేర్చుకున్నాయి అన్నది చదివారు.

ఈ పేరు మాకు ఎందుకు గుర్తుకొచ్చిందో ముందు చెప్పాలి.

ఆమధ్య రాజోలు వైపు మన కుర్రవాడొకడికి కువైట్ వీసా వచ్చింది. ఏజెంటుకు కట్టవలసింది కట్టారు, వాళ్ళమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. గల్ఫ్ మెడికల్‌కు వెళ్ళాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ. "అన్‌ఫిట్" అని కాగితం చేతిలో పెట్టారు. కోనసీమలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి లేదు గనక ఆ మాట బరువు మీకు వేరే చెప్పనక్కరలేదు. కుర్రవాడు ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, ఆరేళ్ళుగా దాచిన మాట చెప్పింది. కుర్రవాడి తండ్రికి టి.బి. ఉండేది. సర్కారు ఆసుపత్రిలో మందులిచ్చారు. రెండు నెలలు వాడాడు, దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది, మానేశాడు. పెద్దపిల్ల సంబంధం మాట్లాడుతున్న రోజులు. ఇంట్లో ఆ మందుల డబ్బా ఎవరైనా చూస్తే సంబంధం పోతుందని భయం. తరువాత మళ్ళీ తిరగబెట్టింది. పోయినప్పుడు గుండెజబ్బని అందరికీ చెప్పారు. మేమూ అదే నమ్మి జనాజా నమాజుకు వెళ్ళి వచ్చాము.

ఆ తల్లి అడిగింది: "అన్నా, ఈ రోగం మా ఇంటికే ఎక్కణ్ణించి వచ్చింది?"

మేము డాక్టర్లం కాము. "అల్లా పరీక్ష" అని ఊరుకోవచ్చు. కాని ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే వృత్తిగా పెట్టుకున్న మనుషులున్నారు. వారిలో నియాజ్ అహ్మద్ గారొకరు. అందుకని ఆయన పని గురించి దొరికినంత చదివాము, తెలిసినవారిని అడిగాము. మాకు అర్థమైనంత వరకు మీ ముందు పెడుతున్నాము.

ఆయన మొదట చదివింది పశువైద్యం. ఇది వినగానే మా మనవడు నవ్వాడు, "గొడ్ల డాక్టరా?" అని. అవును, గొడ్ల డాక్టరే. ఎమ్.బి.బి.ఎస్. సీటు రాకపోతే లోకం మునిగిపోయినట్టు మన ఇళ్ళలో ఏడుపులు ఏటా చూస్తున్నాము గదా, అందుకే ఈ సంగతి కాస్త నొక్కి చెబుతున్నాము. మనిషికీ పశువుకూ వచ్చే రోగాలు చాలావరకు ఒకే క్రిముల కుటుంబాలవి. క్షయ పశువులకూ వస్తుంది. ఎలుకల మూత్రం నీళ్ళలో కలిసి, కాలి పుండు గుండా రైతు ఒంట్లోకి వెళ్ళే లెప్టోస్పైరా జ్వరం పశువులకూ వస్తుంది. వరిచేలో మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేసే కోనసీమకు ఆ జ్వరం కొత్తదేమీ కాదు. 2006లో నియాజ్ గారూ, ఆయన సహచరులూ ఈ లెప్టోస్పైరా క్రిముల్లో ఏది ఏ జాతిదో ఆరు జన్యువుల అక్షరాలను బట్టి తేల్చే పద్ధతి ఒకటి ప్రకటించారు. పశువు దగ్గర మొదలుపెట్టినవాడికి ఈ దారి సహజంగా కనిపిస్తుంది.

హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రమంటే మీకు తెలుస్తుంది, కోర్టు కేసుల వల్ల పేపర్లలో పేరు వస్తూ ఉంటుంది. 1999లో దానికి డైరెక్టరుగా వచ్చినవారు సయ్యద్ ఎహ్‌తెషామ్ హస్నైన్ గారు. బీహారులోని గయ వారు. 2005 నుంచి 2011 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు, 2006లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సి.డి.ఎఫ్.డి.లోనే నియాజ్ గారు క్రిముల జన్యుపటాల మీద పని సాగించి, తరువాత విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. మధ్యలో కొన్నేళ్ళు ఢాకాలోని అతిసార వ్యాధుల అంతర్జాతీయ పరిశోధనా కేంద్రంలో ప్రయోగశాలల విభాగానికి సీనియర్ డైరెక్టరుగా కూడా పనిచేశారు. 2009లో మొదలైన 'గట్ పాథోజెన్స్' అనే అంతర్జాతీయ పత్రికకు వ్యవస్థాపక సంపాదకులు.

పదవుల జాబితా ఇక చాలు. పని ఏమిటో చెబుతాము.

ప్రతి ప్రాణి ఒంట్లోనూ కణం కణానికీ ఒక గ్రంథం ఉంది. ఆ గ్రంథానికి అక్షరాలు నాలుగే. క్షయ క్రిమి గ్రంథంలో సుమారు 44 లక్షల అక్షరాలు, దాదాపు 4 వేల జన్యువులు. 1998లో దాన్ని మొదటిసారి పూర్తిగా చదివారు. అంతకు మూడేళ్ళ ముందు, 1995లో, ఒక క్రిమి గ్రంథం మొత్తం చదవడం ప్రపంచంలో అదే మొదలు. క్రిమి రెండుగా చీలినప్పుడల్లా ఈ గ్రంథానికి నకలు తయారవుతుంది. నకలు రాసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు దాని పిల్లలకూ, పిల్లల పిల్లలకూ వెళుతుంది.

ఇక్కడ మన మదర్సాలో చదివిన పెద్దలకు ఒక సంగతి చటుక్కున తోచాలి. హదీసు విద్యలో ఇస్నాద్ ఉంది. ఈ మాట ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వారు ఎవరి దగ్గర విన్నారు అన్న గొలుసు. దూరదూర పట్టణాల్లో ఉన్న ఇద్దరు రావీలు ఒకే చోట ఒకే విధమైన మాట తేడాతో చెబితే, వీరిద్దరికీ ఎక్కడో ఒకే ఉస్తాదు ఉండి ఉంటాడని ముహద్దిసులు గ్రహించేవారు. క్రిముల శాస్త్రజ్ఞులు చేసేదీ అటువంటిదే. రెండు ఊళ్ళ రోగుల దగ్గర దొరికిన క్రిముల్లో ఒకే చోట ఒకే తప్పు ఉంటే ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలు. అయితే హాఫిజ్ గారి దగ్గర తప్పు దొర్లితే వెనకనున్నవారు వెంటనే సరిదిద్దుతారు. క్రిమికి అలా సరిదిద్దేవారు తక్కువ, అందుకే వంశావళి మిగులుతుంది.

44 లక్షల అక్షరాలను వందల క్రిముల మధ్య పోల్చడం కళ్ళతో అయ్యే పని కాదు. కంప్యూటరు కావాలి, దాన్ని నడిపే లెక్క కావాలి. జీవశాస్త్రం, గణితం, కంప్యూటరు కలిసిన ఈ విద్యనే బయోఇన్ఫర్మేటిక్స్ అంటున్నారు. పోలికలన్నీ పట్టి చివరికి ఒక చెట్టు గీస్తారు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ నుంచి వైనతేయ చీలి సముద్రానికి పోతుంది చూడండి, అచ్చం అట్లాంటి బొమ్మే. కొసలో ఉన్న నీటిని చూసి ఎగువన ఎక్కడ చీలిందో చెప్పడం ఆ విద్య.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. ఎక్కణ్ణించి వచ్చింది?

2006లో ఒక పరిశోధన వెలువడింది. నియాజ్ గారు, హస్నైన్ గారు, ఆగ్రా, చెన్నై శాస్త్రజ్ఞులు, ఫ్రాన్సులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వారు కలిసి చేసిన పని. మన దేశంలో వేర్వేరు ప్రాంతాల క్షయ క్రిములను తీసుకుని వాటి వంశం చూశారు. క్షయ క్రిములలో రెండు పెద్ద శాఖలున్నాయి. ఒక శాఖలో గ్రంథంలోని ఒక చిన్న భాగం చిరిగిపోయింది. చిరిగిన పేజీ మళ్ళీ రాదు గనక ఆ శాఖ తరువాతిది. పేజీ చిరగని శాఖ పాతది. ప్రపంచంలో చాలాచోట్ల వ్యాపించినవి చిరిగిన శాఖవే. మన దేశంలో మాత్రం, ముఖ్యంగా దక్షిణాన, పాత శాఖవే ఎక్కువగా కనబడ్డాయి. అంటే క్షయ మనకు నిన్న మొన్న ఓడలో దిగిన రోగం కాదు, ఎన్నో తరాలుగా మన ముత్తాతల దగ్గులో ఉంటూ వచ్చింది. ఫలానా ఇంటి శాపం, ఫలానా కులం రోగం అనే మాటలకు ఆ చెట్టులో ఎక్కడా చోటు లేదు. మేము ఆ తల్లికి మొదట చెప్పింది ఇదే. ఆమె ముఖంలో కొంచెం వెలుగు వచ్చిందో, లేక మా మాటలు అర్థం కాక మర్యాదకు తలూపిందో చెప్పలేము.

ఆ మరుసటి ఏడు, 2007లో, కడుపులోని పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరి మీద మరొక పరిశోధన. ఈ క్రిమి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పుండు పచ్చడి కారం వల్లా, దిగులు వల్లా వస్తుందని లోకమంతా అనుకునే రోజుల్లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో ఈ క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ గారు 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని తానే తాగి కడుపు మంట తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. (ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.) ఈ క్రిమి మనిషి కడుపు వదిలి బతకదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు చిన్నతనంలోనే అంటుతుంది. కాబట్టి మనుషులు ఎటు వలసపోతే అదీ అటే పోయింది. క్రిమిని చదివితే మనిషి వలస తెలుస్తుంది. భారతదేశంలో రోగుల దగ్గర దొరికిన క్రిముల ఏడు జన్యువులను వందలాది విదేశీ క్రిములతో పోల్చి చూస్తే, పరీక్షించినవన్నీ ఐరోపా శాఖకు చెందినవిగా తేలాయి. ఆఫ్రికా శాఖ గాని, తూర్పు ఆసియా శాఖ గాని వారి నమూనాల్లో దొరకలేదు. ప్రాచీన కాలంలో పశ్చిమాసియా నుంచి వ్యవసాయంతో, భాషలతో వచ్చిన వలసలకు ఇది ఆనవాలు కావచ్చునని వారు సూచించారు. మేము బిర్యానీ తిన్న రాత్రి కడుపు మండితే ఇప్పుడు ఆ వలస గుర్తుకొస్తోంది.

ఈ పరిశోధనా వ్యాసంలో మొదటి పేరు నియాజ్ గారిది కాదు. ఆయన దగ్గర పనిచేసిన ఒక పరిశోధక విద్యార్థినిది. పరదా అవతల నుంచి వింటున్న ఆడపిల్లల చెవిన ఈ ముక్క పడాలని ప్రత్యేకంగా చెబుతున్నాము.

కుష్ఠు చికిత్సలో రోగనిరోధక శక్తి పెంచడానికి వాడిన మన దేశపు క్రిమి ఒకటుంది. దాని వంశం మీద కూడా ఆయన 2007లో పని ప్రకటించారు. ఆ క్రిమికి తరువాత మైకోబాక్టీరియం ఇండికస్ ప్రానీ అని నామకరణం చేశారు. 'ఇండికస్' అంటే భారతీయం, 'ప్రానీ' అన్నది దాని మీద పనిచేసిన ప్రాణ్ తల్వార్ గారి పేరు మీద. దాని వివరాల్లోకి పోము.

ఇక అసలు భయపెట్టే భాగం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

మన పేగుల్లో ఇ-కోలి అనే క్రిమి ఉంటుంది. ఎక్కువ భాగం అమాయకమైనది. కొన్ని రకాలు మాత్రం మూత్రకోశంలోకి చేరి మంట, జ్వరం తెస్తాయి. ఆడవారికి ఈ బాధ ఎక్కువ, చెప్పుకోలేక దాచుకునే బాధ కూడా. నియాజ్ గారి బృందం పుణె దగ్గర ఒక రోగి నుంచి తీసిన ఇ-కోలి గ్రంథం పూర్తిగా చదివి 2011లో ప్రకటించారు. దాని పేరు ఎన్.ఏ.114. ప్రపంచమంతా వ్యాపించిన ఎస్.టి.131 అనే మొండి వంశానికి చెందినది. అనేక మందులకు లొంగదు.

మందుకు లొంగకపోవడం క్రిమికి ఎలా వస్తుంది? రెండు దారులు. ఒకటి, ఇందాక చెప్పిన నకలు తప్పు. రెండోది ఇంకా విచిత్రం. క్రిములు ఒకదానికొకటి జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్రహరీ గోడ మీదుగా పొరుగింటావిడకు హలీం చేసే పద్ధతి చీటీ మీద రాసి అందించినట్టు, ఒక క్రిమి తాను నేర్చిన మందు విరుగుడును పక్క క్రిమికి అందిస్తుంది. పక్కది తన జాతిది కానక్కరలేదు. 2008లో నియాజ్ గారు, హస్నైన్ గారు, ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు కలిసి 'నేచర్ రివ్యూస్ మైక్రోబయాలజీ' అనే పెద్ద పత్రికలో ఇదే విషయం మీద రాశారు. క్రిమి గ్రంథం శిలాశాసనం కాదు, గోదావరి లంకల్లాగా ఒకచోట కోసుకుపోతూ ఒకచోట మేటవేస్తూ ఉంటుంది. రోగనిర్ణయమూ మందుల వాడకమూ ఈ సంగతి గమనించి సాగాలి. మాకు అర్థమైన సారం ఇది.

2017లో వెలువడిన పని మన ఇళ్ళకు మరీ దగ్గరది. కోడి మాంసం. విశాలమైన ప్రాంతంలో దుకాణాల నుంచి బ్రాయిలర్ కోళ్ళవీ, నాటుకోళ్ళవీ నమూనాలు తెచ్చి 168 ఇ-కోలి క్రిములను పరీక్షించారు. పెన్సిలిన్ కుటుంబంలోని బలమైన మందులను కూడా విరిచేసే రకం ఎంత ఉందో చూశారు. బ్రాయిలర్ మాంసంలో 46 శాతం, నాటుకోడి మాంసంలో 15 శాతం. నాటుకోడి తింటున్నాము గదా అని ధీమా పడేవారికి ఆ 15 కూడా సున్నా కాదని మనవి.

మన సభ్యుల్లో చికెన్ షాపులు నడుపుకునేవారు పదిమందికి తక్కువ లేరు. వారి పొట్ట కొట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. బాగా ఉడికిన మాంసంలో ఈ క్రిమి బతకదు. ప్రమాదం ఉడకక ముందు: మొద్దు మీద, కత్తి మీద, చేతుల మీద, అదే కత్తితో తరిగే ఉల్లిపాయ మీద. షాపులో మొద్దు రోజూ వేడినీళ్ళతో కడగడం, ఇంట్లో మాంసానికి కత్తీ పీటా వేరుగా పెట్టుకోవడం ఖర్చులేని పనులు. బక్రీదు రోజుల్లో కుర్బానీ మాంసం పంచేటప్పుడూ ఇది గుర్తుంచుకోవాలి. తప్పు షాపు వానిది కూడా కాదు, కోళ్ళ ఫారంలో జబ్బు లేకుండానే బరువు పెరగడానికని దాణాలో మందులు కలపడం దగ్గర మొదలైంది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే మందును ఆహారానికి పెంచే జంతువులకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. అంటే అంతవరకు వాడుతున్నారనే గదా అర్థం. రొయ్యల చెరువుల సంగతి మన కోనసీమ రైతులకు మేము చెప్పేదేముంది? మందు అవశేషాలు కనబడ్డాయని విదేశాలు సరుకు తిప్పి పంపిన కథలు మీరే మాకు చెబుతారు. ఆ చెరువు నీరు కాలువలోకి, కాలువ నీరు మన రేవుల్లోకి.

ఇక్కడ ఒక పక్క మాట. వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి, ఆ జిల్లాలోని భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుంచే 1948లో బయటకు వచ్చింది. ఆ ఏడే వారు కన్నుమూశారు. ఎలుక జ్వరానికి ఈనాడు డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. మన గోదావరి మనిషి ప్రపంచానికి అందించిన కుటుంబమది, ఇప్పుడు దానికీ లొంగని క్రిములు పెరిగాయి.

మళ్ళీ టి.బి. దగ్గరకు. రెండు నెలలకే మందు మానేస్తే ఏమవుతుంది?

ఊపిరితిత్తిలో గుంట పడిన రోగిలో కోట్ల కొద్దీ క్రిములుంటాయి. నకలు తప్పుల వల్ల సుమారు పది కోట్లలో ఒకటి పుట్టుకతోనే రిఫాంపిసిన్ అనే మందుకు లొంగదు. పది లక్షల్లో ఒకటి ఐసోనియాజిడ్‌కు లొంగదు. ఒక్క మందే ఇస్తే ఆ లొంగనిది బతికి సంతానం పెంచుతుంది. నాలుగు మందులు కలిపి ఇస్తే నాలుగింటికీ లొంగని క్రిమి ఉండడం అసాధ్యమంత అరుదు. అందుకే మొదటి రెండు నెలలు నాలుగు, తరువాతి నాలుగు నెలలు మూడు. రెండు నెలలకు దగ్గు తగ్గేది నిజమే. వేగంగా పెరిగే క్రిములు చచ్చిపోతాయి, మందకొడిగా నిద్రపోయేవి మిగులుతాయి. ఇ-కోలి ఇరవై నిమిషాలకొకసారి రెండు అవుతుంది, క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంత నిదానం గలదాన్ని నిర్మూలించడానికి నిదానమైన మందే కావాలి. మధ్యలో మానేసి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మానేస్తే ఆ లొంగని ఒక్కదానికి మనమే మేత వేసి పెంచినట్టు. అది దగ్గు గుండా పక్కమంచం మీది కొడుకు ఒంట్లోకి వెళితే, ఆ కొడుకు జీవితంలో ఒక్క మాత్రా మింగకుండానే మందుకు లొంగని రోగంతో మొదలవుతాడు.

రిఫాంపిసిన్‌కు లొంగకపోవడం దాదాపు ఎప్పుడూ ఒకే జన్యువులోని 81 అక్షరాల తుంపులో వచ్చే తేడా వల్లనే. తరచుగా ఒకే ఒక అక్షరం. 44 లక్షల్లో ఒకటి! శాస్త్రజ్ఞులు ఆ చోటు గుర్తించారు గనకనే ఈనాడు కఫం నమూనాను ఒక యంత్రంలో పెడితే, టి.బి. ఉందా లేదా, ఉంటే ఆ మందుకు లొంగుతుందా లేదా అన్నది సుమారు రెండు గంటల్లో తేలుతోంది. పాత పద్ధతిలో క్రిమిని పెంచి చూడాలంటే వారాలు పట్టేది. క్రిమి గ్రంథాలు చదివే విద్య వల్ల మామూలు మనిషికి కలిగిన లాభమేమిటని ఎవరైనా అడిగితే ఆ యంత్రాన్ని చూపించవచ్చు. సర్కారు ఆసుపత్రిలో ఆ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. రోగికి పోషణ కోసం నెలకు ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. మనవాళ్ళలో ఆ సొమ్ము కోసం పేరు రాయించుకోవడానికి కూడా సిగ్గుపడేవారున్నారు. ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నప్పుడు సిగ్గుపడవలసింది ఎవరో మాకు తెలియడం లేదు.

పిల్లల చదువుల గురించి రెండు మాటలు. నియాజ్ గారి విశ్వవిద్యాలయంలోనూ, బెర్లిన్‌లోని ఫ్రయే విశ్వవిద్యాలయంలోనూ కలిపి క్రిములపై పరిశోధక విద్యార్థులకు శిక్షణ నడిచింది. జర్మనీ వైపు దాన్ని నడిపించిన లోథార్ వీలర్ గారు కూడా పశువైద్యులే. తరువాత 2015లో వారి దేశపు రోగ నియంత్రణ సంస్థ అయిన రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షులయ్యారు. ఇద్దరు గొడ్ల డాక్టర్లు! మన అమలాపురం, కొత్తపేట, రాజోలు కాలేజీల్లో బి.ఎస్సీ. చదివే పిల్లలకు మా సలహా: జీవశాస్త్రం తీసుకుంటే లెక్కలను వదలకండి, కంప్యూటరు తీసుకుంటే జీవశాస్త్రాన్ని వెక్కిరించకండి. ఈ విద్యలో రెండూ తెలిసినవారే కావాలి. పైగా ప్రపంచంలో ఎవరో చదివి పెట్టిన క్రిమి గ్రంథాలు లక్షల కొద్దీ ఉచితంగా అందరికీ తెరిచి ఉన్నాయి. పెద్ద ప్రయోగశాల లేకపోయినా ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, మంచి గురువు ఉంటే అభ్యాసం మొదలుపెట్టవచ్చు. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇంతవరకు ఇంజనీరింగు పిల్లలకే ఎక్కువ వెళ్ళాయి. ఈసారి పశువైద్యం, వ్యవసాయం, మైక్రోబయాలజీ చదివేవారి దరఖాస్తులను కూడా అదే కంటితో చూడమని కార్యవర్గానికి మనవి చేసుకుంటున్నాము. ఈ మాటకు అధ్యక్షుల వారు తలూపారు, సభలో అందరూ చూశారు. తరువాత కాదంటే కుదరదు.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి కూర్చుంటాము. మేమే వెంటబెట్టుకుని అమలాపురం తీసుకువెళ్ళాము. కఫం పరీక్షలో టి.బి. ఉందని తేలింది. రిఫాంపిసిన్‌కు లొంగే క్రిమే అని కూడా తేలింది. ఆ రెండో వాక్యం డాక్టరు గారు చదివి వినిపించినప్పుడు వాళ్ళమ్మకు అర్థం కాలేదు, మేము బల్ల పట్టుకుని నిలబడ్డాము. ఇంట్లో మిగిలిన నలుగురికీ పరీక్షలు చేయించారు. ఆరు నెలలూ ఒక్కరోజు తప్పకుండా మందులు మింగాడు. రంజాను నెలలో ఉపవాసం సంగతి ఏమిటని అడిగితే డాక్టరు గారు వద్దన్నారు. మన ఇమాం సాబు కూడా "రోగికి మినహాయింపు ఉంది, తరువాత తీర్చుకో" అని మసీదు వరండాలో అందరూ వినేట్టు చెప్పారు. అలా నలుగురి ముందు చెప్పడమే మాకు నచ్చింది.

రోగం నయమైంది, మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఉన్నంతకాలం గల్ఫ్ మెడికల్ కష్టమే అంటున్నారు. ప్రస్తుతం అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో లెక్కలు రాస్తున్నాడు. చెల్లెలికి సంబంధం వచ్చింది. పెళ్ళివారితో ఈసారి మొదటి మాటగా తండ్రి జబ్బు సంగతే చెప్పామని వాళ్ళమ్మ మొన్న కబురు పంపింది. వాళ్ళు వారం రోజులు గడువు అడిగారట. ఇంకా జవాబు రాలేదు.